కారులో కారిపోవునది ఏమి?



గత మాసమున ఈ పుటలయందు మాగాయ జాడీలకు వాసెన కట్టు విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము మా ముచ్చట వంటయింటి గడప దాటి, వాకిట వేపచెట్టు క్రింద నిలిపియున్న మోటారు కారు కడకు పోవుచున్నది. "ఇది మగవారి వ్యవహారము గదా, పంతులుగారి భార్యకు దీనితో నేమి పని?" అని కొందరు నవ్వుదురేమో. నవ్వుదురు గాక. మాకును మొదట అట్లే తోచినది. కాని మా యింట జరిగినది వినిన పిమ్మట, కారు గలవారును, కొనదలచినవారును, పెద్దవారిని వెంటబెట్టుకొని బాడుగ కారులో ఆసుపత్రికి పోవువారును ఈ నాలుగు మాటలు తెలిసియుండుట మేలని మీరే యందురు.

మా ఎర్రుపాలెము ఖమ్మము జిల్లాకు దక్షిణపు కొసన నున్నది. కాజీపేట నుండి విజయవాడకు పోవు రైళ్లు మా యూరి మీదుగనే పోవును. కొంచెము దూరము పోయిన ఆంధ్రప్రదేశ్ పొలిమేర. ఉత్తరముగా పోయినచో భద్రాచలపు అడవులును, కొత్తగూడెము, మణుగూరుల బొగ్గుగనులును; ఆ సీమ 2016 నుండి వేరు జిల్లా యైనది గాని, ఎండ మాత్రము పంపకములు లేక అందరికిని ఉమ్మడిగనే యున్నది. మే మాసమున 44, 45 డిగ్రీలు మాకు వింత గాదు. ఇట్టి యెండలో మా మామగారిని నెలకొకసారి విజయవాడకు వైద్యునికడకు తీసికొని పోవలసియున్నది. వారికి గుండెకు చికిత్స జరిగినది. వేడిగాలి తగులనీయవద్దని వైద్యులు గట్టిగా చెప్పిరి. అందులకే మావారు, తాహతుకు మించినదైనను, ఒకరు వాడిన చిన్న కారును కొనిరి.

కొన్న యేడాది వేసవిలో ఏసీ చల్లదనము తగ్గినది. దగ్గరి పట్టణములోని ఒక షెడ్డుకు తీసికొనిపోగా, "గ్యాసు అయిపోయిందండీ" అని నింపి పంపిరి. వర్షములు వచ్చినవి, మరచితిమి. మరుసటి వేసవికి మరల అదే మాట, అదే ఖర్చు. మూడవ వేసవిలో మీట నొక్కినను వేడిగాలియే వచ్చెను. ఈసారి షెడ్డువారు బానెట్టు ఎత్తి చూచి, "కంప్రెసరు తిరగట్లేదు, పోయింది, మార్చాలి" అని పాతికవేల లెక్క చెప్పిరి. ఆ షెడ్డు పేరు మాకు వలదు. వారొక్కరే అట్లనువారు కారు.

డబ్బు కూడునంతవరకు ఆసుపత్రి ఆగదు గదా. ఆ నెల అద్దములు దించుకొనియే బయలుదేరితిమి. దారిలో పదిన్నర గంటలకే గాలి పొయ్యిమీది పెనము నుండి వచ్చినట్లు కొట్టుచుండెను. మామగారు మాటలాడుచు మాటలాడుచు ఊరకుండిరి. తిరిగి చూతుము గదా, ముఖము పాలిపోయి, నుదుట చెమటలు. ఒక చింతచెట్టు క్రింద కారు నాపి, తుండుగుడ్డ తడిపి మెడకు చుట్టి, చల్లని నీళ్లు కొంచెము కొంచెముగా త్రాగించి, అరగంట కూర్చుంటిమి. తేరుకొనిరి. "నాకేమీ లేదమ్మా, కునుకు పట్టినది, అంతే" అనిరి. అది కునుకు గాదని వారికి తెలియును, మాకును తెలియును.

ఆ రాత్రి మావారు, పిల్ల చదువుకై వేసికొన్న చీటీ పాడెదనని చెప్పిరి. మేము ఒక్క వారము గడు వడిగితిమి. ఎందులకో స్పష్టముగా మాకును తెలియదు. "అయిపోయింది" అను ఆ క్రియాపదము మాత్రము మనస్సున ముల్లువలె గ్రుచ్చుకొని యుండెను. మా నాయనగారు మాకు బడి లేకుండ ఇంటనే అమరకోశము వల్లె వేయించిరి. ఏ శాస్త్రమైనను ముందు పేర్లు తెలియవలె, పేరు తెలిసినదానికి భయపడనక్కరలేదని వారు తరచు చెప్పెడివారు. కావున కారులో నున్న సంచికను బయటికి తీసి, పాలిటెక్నిక్కు చదువుచున్న మా చెల్లెలి కుమారుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఈ యంత్రములోని అవయవముల పేర్లు ముందుగా నేర్చితిమి. నేర్చినది మీకు మన మాటలలో చెప్పెదము.

కూజాలోని నీరు ఏల చల్లబడును? కూజా మేనినుండి చెమర్చిన నీరు ఆవిరి యగునపుడు, తనకు వలయు వేడిమిని లోపలి నీటినుండియే గైకొనును. సూదిమందుకు ముందు నర్సు చేతికి రాయు స్పిరిటు చల్లగా తోచుటయు ఇందువలననే. ద్రవము ఆవిరి యగునపుడు వేడిమిని మ్రింగును. ఆ యావిరి మరల ద్రవమగునపుడు మ్రింగిన వేడిమిని కక్కును. కారులోని ఏసీకి మూలమంతయు ఇంతే. అది లోపలి వేడిని మోసికొనిపోయి వెలుపల పారబోయు కూలివాడు.

ఆ మోయు పని చేయునది గ్యాసు. ఇప్పుడు మన దేశమున తిరుగుచున్న కారులలో అధికభాగమునందు ఉన్నదానిని ఆర్-134ఎ అందురు. నీరు నూరు డిగ్రీలకు మరుగును గదా. ఇది మామూలు గాలి ఒత్తిడిలో సున్నకు క్రింద 26 డిగ్రీలకే మరుగును. డ్యాష్‌బోర్డు వెనుక సన్నని రేకులతో కూడిన ఒక చట్రము గలదు. మెకానిక్కులు దానిని కూలింగు కాయిలందురు. గ్యాసు అందులో మరిగి ఆవిరి యగుచు, బ్లోయరు తన మీదుగా తోలు గాలినుండి వేడిమిని లాగుకొనును. ఆ యావిరిని ఇంజను ప్రక్కనున్న కంప్రెసరు పీల్చి గట్టిగా అదుమును. అదుముటచే అది మిక్కిలి వేడెక్కి, కారు ముక్కునొద్ద రేడియేటరుకు ముందున్న కండెన్సరు అను జల్లెడకు చేరును. అక్కడ ఫ్యాను గాలికి తన వేడిమిని విడిచి ద్రవమగును. దారిలో డ్రయ్యరను చిన్న బుడ్డి తేమను పీల్చును. తుదకు ఎక్స్‌పాన్షన్ వాల్వను సూదిబెజ్జము వంటి ద్వారమున దూరి, ఒత్తిడి ఒక్కసారిగా తగ్గగా మరల చల్లబడి కూలింగు కాయిలుకు వచ్చును. వచ్చిన దారినే మరల మరల తిరుగుచుండును.

ఇప్పుడు ఆలోచింపుడు. బియ్యము అయిపోవును, తిందుము గనుక. వంటగ్యాసు అయిపోవును, మండింతుము గనుక. కారు ఏసీలోని గ్యాసును ఎవరు తినిరి, ఎవరు మండించిరి? మీ యింటి ఫ్రిజ్జులో నుండునదియు ఇట్టి తిరుగుడే. కొని పదియేండ్లైన ఫ్రిజ్జుకు మీ రెన్నిసార్లు గ్యాసు పట్టించితిరి? కారు ఫ్రిజ్జువలె ఒక మూల కదలక కూర్చుండునది కాదు. కుదుపులకు లోబడును, రబ్బరు గొట్టములు గలది. కావున ఏండ్లు గడచిన కొద్ది రవంత తరుగుట సహజమే. కాని ఏటేట తరిగిన చో, అది అయిపోవుట గాదు, కారిపోవుట. ఎక్కడనో రంధ్రమున్నది. రంధ్రము వెదకక గ్యాసు నింపుట, చిల్లికుండలో నీళ్లు పోసి దాహము తీరునని యెదురుచూచుట వంటిది.

మరి "కంప్రెసరు పోయింది" అను మాటయో? ఇందులో మాకు మరియొక విశేషము తెలిసెను. ఏసీ మీట నొక్కగానే ఇంజను వైపు "టక్కు"మని చిన్న శబ్దము వినబడును. బెల్టు ఎప్పుడును తిరుగుచునే యుండును గాని, ఒక అయస్కాంతపు పట్టు బిగిసినప్పుడే కంప్రెసరు దానితో గూడి తిరుగును. ఆ పట్టు బిగిసిన సవ్వడియే అది. (ఈ పట్టు గొప్ప సౌకర్యము. 1940 నాటి నమూనాగా అమెరికాలో ప్యాకార్డు కంపెనీవారు మొట్టమొదట ఏసీ పెట్టి కారు నమ్మినపుడు ఇట్టి పట్టు లేదట. చలి యెక్కువైనచో కారు నాపి, దిగి, బెల్టు ఊడదీయవలసినదే!) కంప్రెసరుకు కావలసిన నూనె గ్యాసుతో గూడియే తిరుగుచుండును. గ్యాసు మిక్కిలి తగ్గినచో నూనెయు అందక కంప్రెసరు అరిగి చెడును. అట్లు కాకుండ, గొట్టములో ఒత్తిడి తగ్గగానే ఒక స్విచ్చి ఆ పట్టును బిగియనీయదు. అనగా, కంప్రెసరు తిరుగకుండుట అది చెడినదనుటకు గుర్తు కావచ్చును, చెడకుండ కాపాడబడుచున్నదనుటకును గుర్తు కావచ్చును. ఏది నిజమో పరీక్షింపకయే పాతికవేలు చెప్పిన ఏమనవలె?

మరునాటి యుదయము, ఇంజను చల్లగా నుండగా, బానెట్టు ఎత్తించి చూచితిమి. ఒక హెచ్చరిక: తాళపుచెవి చేత పట్టుకొనియే ఈ పని చేయవలెను, కొంగు నడుమున బిగించి, జడ ముడివేసికొనవలెను. ఇంజను ఆగియున్నను, కొన్ని కారులలో వేడిమీద నున్నప్పుడు ఫ్యాను తనంతట తానే తిరుగును. గొట్టముల నేవియు విప్పరాదు. పైకి ఉబికిన గ్యాసు చేతిని గడ్డకట్టించును, కంటికి తగిలినచో కన్ను పోవును. మేము చేసినది చూచుట మాత్రమే. కండెన్సరుకు గొట్టము కలియు ఒక ముడి యొద్ద మాత్రము దుమ్ము నల్లగా, జిడ్డుగా, వంటయింటి పొగగూటి మసివలె అంటియున్నది. తక్కిన ముడులన్నియు పొడిదుమ్ముతో నున్నవి. గ్యాసు కంటికి కానరాదు గాని, దానితో తిరుగు నూనె కూడ వెంట వచ్చి, దారిదుమ్మును పట్టి, తాను కారిన చోటును చూపెట్టును. వంటగ్యాసు రెగ్యులేటరు చుట్టు సబ్బునురుగు రాసి బుడగలు చూచుట మీరందరును ఎరిగినదే. ఆ జిడ్డుముడి మీదను సబ్బునీరు రాసితిమి. కొంచెము సేపునకు ఒక్క బుడగ, ఆవగింజంత, లేచి నిలిచెను. గ్యాసు బొత్తిగా పోలేదన్నమాట. మా చెల్లెలి కుమారుడు కేకవేసినాడు. మామగారు కూడ కర్ర పట్టుకొని వచ్చి ఆ బుడగను చూచిరి.

ఆదివారము విజయవాడ ఆటోనగరుకు పోతిమి. ఆ పేట లారీలకును, కారులకును కంసాలివీధి వంటిది; ఒక్కొక్క అవయవమునకు ఒక్కొక్క నేర్పరి. ఏసీ పనివా డొక పెద్దాయన దొరకెను. "గ్యాసు నింపవద్దు నాయనా, ముందు ఈ ముడి చూడు" అంటిమి. ఆయన మా ముఖము చూచి, జిడ్డు చూచి, "ఎవరు చెప్పారమ్మా?" అని యడిగెను. "సబ్బుబుడగ చెప్పినది" అంటిమి. నవ్వి పనిలో దిగెను.

మిగిలిన గ్యాసును యంత్రముతో డబ్బాలోనికి లాగి, ముడి విప్పగా, లోపలి రబ్బరు ఉంగరము గాజుముక్కవలె బిరుసెక్కి చీలియుండెను. దానిని ఓరింగందురు, వెల కొద్ది రూపాయలు. పచ్చనిది, ఈ గ్యాసుకు తగిన రబ్బరుది, నూనె తడిపి వేసెను. పిమ్మట, తెరచిన గొట్టములోనికి తేమ చేరియుండునని, వాక్యూమ్ పంపుతో అరగంటసేపు లోపలి గాలి నంతయు లాగెను. గాలి లేనిచోట నీరు చల్లగనే మరిగి ఆవిరియై పోవును. ఇది చేయకున్నచో, మిగిలిన తేమ వాల్వు బెజ్జమువద్ద మంచై అడ్డుపడును; గ్యాసుతోను నూనెతోను కలిసి ఆమ్లమై లోపలి లోహమును తినును. పంపు ఆపి పదిహేను నిమిషములు గేజీ ముల్లు కదలునేమో చూచెను. కదలలేదు. వేరు రంధ్రము లేదన్నమాట.

తరువాతి మాట తూకమును గూర్చినది. ఇది మీరు మరువరాదు. వంటగ్యాసు బండలో ఇంకెంత యున్నదో ఒత్తిడిని బట్టి తెలియదు. ఎత్తి చూడవలె, లేక తూచవలె. ఇదియు అట్లే. లోపల ఇంచుక ద్రవ ముండునంతవరకు, ఆగియున్న కారులో గేజీ ఒక్క తీరుననే చూపును. బానెట్టు లోపల ఒక చీటీ అంటించియుండును. అందు గ్యాసు పేరును, ఇన్ని గ్రాములనియు వ్రాసియుండును. చిన్న కారులకు సాధారణముగా అరకిలోకు అటునిటు. ఆ గ్రాములే కాటా మీద పెట్టి నింపుమనవలె. ఎక్కువ నింపిన ఎక్కువ చల్లన యగునను భ్రమ వలదు. ఎక్కువైనచో కండెన్సరులో ద్రవము నిండి, ఒత్తిడి పెరిగి, చల్లదనము తగ్గును, కంప్రెసరుకును చేటు. ఆయన నింపి, ఇంజను నడిపి, మీట నొక్కగానే "టక్కు"మనెను. వీణ మీటినట్లుండెను మా చెవికి. మొత్తము మూడువేలకు లోపే యైనది. చీటీ నిలిచినది.

డబ్బు మాట యటుంచుడు. కారిపోయిన గ్యాసు ఎక్కడికి పోవును? వెనుకటి కారులలో ఆర్-12 అను గ్యాసు వాడిరి. అట్టి వాయువులు ఆకాశమున మనల కాచుచున్న ఓజోను పొరను తినునని 1974లో మోలినా, రోలండు అను శాస్త్రవేత్తలు తెలిపిరి. 1985లో దక్షిణధ్రువముపై ఆ పొర పలుచనై యుండుట బయటపడెను. 1987లో మాంట్రియలు నగరమున దేశములు ఒడంబడిక వ్రాసికొని వానిని క్రమముగా మానిపించెను. మన దేశము 1992లో అందు చేరెను. ఆ శాస్త్రవేత్తలకు 1995లో నోబెలు బహుమానము వచ్చెను. తరువాత వచ్చిన ఆర్-134ఎ ఓజోనును తినదు గాని, భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువు కంటె, నూరేండ్ల లెక్కలో, సుమారు 1,400 రెట్లు బలమైనది. అరకిలో కారినచో ఏడువందల కిలోల బొగ్గుపులుసు వాయువును వదలినట్లే. అందువలననే 2016లో కిగాలీ నగరమున ఇట్టి వానిని కూడ తగ్గింపవలెనని నిర్ణయించిరి. మన దేశము 2021లో ఆమోదించినది. ఆర్-1234వైఎఫ్ అను క్రొత్తది వచ్చుచున్నది. మీ కారు చీటీ మీద ఏ పేరున్నదో ఆ గ్యాసే వేయింపవలె. ఒకదానికి మారు మరొకటి పనికిరాదు. రెండు వేసవులు మేము డబ్బిచ్చి నింపించినది మా యెండను ఇంకొంచెము పెంచుటకే యైనదని తలచినపుడు మాకు సిగ్గు గలిగినది.

ఇక ఇంటివద్ద మనమే చూచుకొన దగినవి. పెక్కు కారులలో సామాను అర వెనుక క్యాబిన్ ఫిల్టరు అను కాగితపు మడతల పలక యుండును. అర విప్పినచో చేతికే వచ్చును. మాది తీసి చూడగా, పత్తి తీతల నాటి దూదియు, కళ్లముల మిరపదుమ్మును జమిలిగా మెత్తపరుపువలె పేరుకొనియుండెను. గాలి సన్నగా వచ్చుచు, చల్లగా మాత్రమున్నచో దోషము ఇక్కడనే; గ్యాసు జోలికి పోనక్కరలేదు. దులిపి కొంతకాలము వాడవచ్చును, ఏడాదికొకసారి మార్చుట మేలు. కండెన్సరు రేకులను కూడ కుళాయి నీటితో మెల్లగా కడుగవచ్చును, రేకులు వంగకుండ. కారు క్రింద నీళ్లు కారుట చూచి కొందరు జడియుదురు. అది కూలింగు కాయిలుకు పట్టిన చెమట, మంచిదే. ఆ నీరు బయటికి రాక కాళ్లక్రింద పట్టాను తడుపుచున్నచో, కాలువగొట్టము పూడినదని తెలియవలెను. ముక్కవాసన వచ్చుటకు కారణము ఆ తడి ఆరకుండుటయే. ఇల్లు చేరుటకు నాలుగు నిమిషములు ముందుగా ఏసీ ఆపి వట్టి గాలిని నడిపినచో అది తగ్గును. ఎండలో నిలిచిన కారెక్కగానే మీట నొక్కక, తలుపులు తెరచి ఆ వేడిగాలిని పోనిచ్చి, పిమ్మట అద్దము లెత్తి, లోపలి గాలినే త్రిప్పు మీట వేయవలె.

మరి రెండు మాటలు ప్రాణములకు సంబంధించినవి. నిలిపిన కారులో అద్దము లెత్తి, ఏసీ వేసికొని నిద్రింపరాదు; ఇంజను వదలు విషవాయువు వాసన లేకుండ లోనికి చేరి నిద్రలోనే చంపును. పిల్లలను "రెండు నిమిషములే" యని కారులో విడిచిపోరాదు. మూసిన కారులో గంటలోపల బయటి యెండకంటె ఇరువది డిగ్రీలు హెచ్చును. మన మే నెలలో అది ఎంత యగునో మీరే కూడికొనుడు.

ఇది జరిగి ఏడాది దాటినది. ఈ వేసవిలోను గ్యాసు నింపలేదు. మొన్న జమలాపురము వేంకటేశ్వరస్వామి దర్శనమునకు పోయినప్పుడు వెనుక కూర్చున్న మామగారు, "అమ్మాయీ, ఆ గాలి కొంచెము ప్రక్కకు త్రిప్పు, చెవిలో చలి" అని కండువా తలకు చుట్టుకొనిరి. ఆటోనగరు పెద్దాయనచే గ్రాములు వ్రాయించి తెచ్చిన రసీదు మా బీరువాలో వంటగ్యాసు పుస్తకము ప్రక్కన భద్రముగా నున్నది.